దారికడ్డం కట్టిన విల్లు

పాలిటెక్నిక్ అయిపోయి ఉద్యోగం దొరకని ఏడాది, నయాపూల్ దగ్గర ఒక సేటు గోదాములో పనికి కుదిరాను. అడవి నుంచి వచ్చిన పాత వేట సామాను ఆయన బంగళాల గోడల అలంకారానికి అమ్మేవాడు. కొలవడం, రాయడం, ప్రతిదానికీ వివరాల చీటీ తగిలించడం నా పని.

ఆ రోజు మూటలో వచ్చినవి: వెదురు విల్లు ఒకటి, ఇనుప మొన బాణాలు నాలుగు, తాడు కదిలితే జారి బాణాన్ని వదిలే కొయ్య మీట ఒకటి, నార తాడు పన్నెండు అడుగులు. ఎండిన గడ్డి ముడి కూడా ఉంది, చెత్త అనుకొని ఊడ్చేశాను. పందులు తిరిగే తోవలో ఈ విల్లు కట్టేముందు, మనుషులు ఆగడానికి పక్క కొమ్మకు ఆ ముడి వేస్తారని తెచ్చినతను చెబుతూనే ఉన్నాడు. నేను మీట కొలుస్తున్నాను.

"రేపు పదింటికి కొనే పార్టీ వస్తది. నిజంగ కొడ్తదని చూపియ్యాలె," అన్నాడు సేటు.

సాయంత్రం మీటను ఆకురాయితో నునుపు చేసి, విల్లు స్తంభానికి బిగించి, బాణం ఎక్కించి, మోకాలి ఎత్తున తాడు గుంజి కట్టాను. ముందు తలుపుకు తాళం వేసి మొఘల్‌పురాలో మా ఇంటికి పోయాను.

పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. వెనక తలుపు తాళంచెవి సామానుకు పాలిష్ పెట్టే అన్న దగ్గరుంటుంది. ఆయన ఏడింటికే వస్తాడు. లోపల కిటికీ లేదు, లైటు స్విచ్చి తాడుకు అవతల ఉంది.

ఉరికాను. వెనక తలుపు తెరిచే ఉంది. అన్న మోకాలికి తాడు ఆనించుకొని నిలబడి ఉన్నాడు.

"కదలకు అన్నా!"

"కదలకుంటనే ఉన్న గదరా, ఎంతసేపాయెనో. నువ్వే కట్టినవా? డిప్లమా చదివింది గిందుకేనా?"

మీట సగం జారి ఉంది, తాడు ఇంకాస్త కదిలితే బాణం వదులుతుంది. గోడకు ఆనించిన టేకు పలకను మెల్లగా జరిపి, ఆయన తొడకూ బాణానికీ మధ్య నిలబెట్టి, దాని వెనక గొంతుక్కూర్చొని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇగ వెనక్కి దుంకు."

పలక నా ఛాతీకి కొట్టుకుంది. బాణం మొన ఇవతలికి రెండు వేళ్లంత వచ్చింది, నా బొటనవేలి పక్కనే. అన్న గడప మీద కూలబడి మోకాలు రాసుకుంటూ ఉండిపోయాడు.

తొమ్మిదింటికి సేటు వచ్చి పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మస్తు కొట్టింది. మళ్ల కట్టు."

నేను కత్తి తీసి నార తాడును మూడు ముక్కలు చేశాను.

"తాడుదేముంది, సుతిలి తాడు దొరకదా?" అని సేటు నన్ను పనిలోంచి పొమ్మన్నాడు. నేను బయటికి వస్తుంటే, అన్న చేతిలో ఆ మీట పెట్టి, ఎట్ల బిగిస్తరో చూడమంటున్నాడు.