పిండి పట్టించిన గూడకొంగ

నా చిన్నప్పుడు, సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో, మా కైకలూరులో పెరట్లో ఏది ఆరబెట్టినా అది తినడానికేనని నమ్మేవాళ్ళం. చేపలు, రొయ్యలు, వడియాలు, ఏదైనా సరే. అందుకే పక్కింటి టీచరమ్మగారి అరుగు మీద ఓ గూడకొంగ, అదే ముక్కు కింద సంచి ఉండే పెద్ద పక్షి, తడిసి ముద్దై ఉండటం, ఆవిడ దానికి దోసిళ్ళతో మొక్కజొన్న పిండి పట్టించడం గోడ మీంచి చూసేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. వేపుడుకి ముందు మా అమ్మ చేపముక్కలకి పిండి పట్టించేది కూడా అలాగే.

పైగా ఆ కొంగ నాది. రోజూ మా చేపల చెరువు గట్టుకి వచ్చే కుంటిది. మా నాన్న దాన్ని తిడుతూ తరిమేవారు, నేను చాటుగా చిన్న చేపలు వేసేదాన్ని. కొన్నాళ్ళుగా కనబడటం లేదు. ఇప్పుడు దాని ఎడమకాలి వంకర వేలు ఆ అరుగు మీద కనబడింది.

మా నాయనమ్మకి చెబితే ఆవిడ ఇంకాస్త ఆజ్యం పోసింది.

"ఒంటరి మనిషి. ఆవిడ పొయ్యి మీద ఏం ఉడుకుతుందో ఎవరు చూశారే?" అంది.

టీచరమ్మగారు ఏలూరు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. కోసిన కప్పల సంగతి ఊరంతటికీ తెలుసు. నేనిక ఆగలేక గోడ దూకాను.

దగ్గరికెళ్తే మరీ ఘోరం. కొంగ లోపల ఏమీ లేదు, ఉత్తి తోలూ ఈకలే. పెట్రోలు వాసన ఒకటి.

"మాంసమేదండీ?" అని అడిగేశాను.

"పెరట్లో పాతిపెట్టానమ్మా. ఇది కాలేజీ మ్యూజియంలో పెట్టడానికి. పెట్రోలుతో కొవ్వు వదిలించి, నీళ్ళతో కడిగి, తడి పీల్చడానికి పిండి పట్టిస్తున్నాను. చచ్చిపడి ఉంటే ఫారెస్టు వాళ్ళే తెచ్చిచ్చారు."

"మీరే చంపారేమోనండీ!"

ఆవిడకి కోపం రాలేదు. పిండి దులిపి, నా చేతికి హెయిర్ డ్రయ్యరూ, మెత్తటి బ్రష్షూ ఇచ్చారు. "అయితే నువ్వే చూసుకో. దెబ్బ తగిలితే తోలు దాచదు" అన్నారు.

మెడ దగ్గర మొదలుపెట్టాను. గాలి తగిలినచోటల్లా ఈకలు విడిపోయి కింద చర్మం కనిపించేది. ముద్దగా అంటుకున్నవి మళ్ళీ తెల్లగా పొంగేవి. నాకు ఆ అందం పట్టలేదు. తూటా పడిన కన్నం కోసమో, కర్రదెబ్బ కోసమో వెతుకుతున్నాను. ఆవిడ తాపీగా టీ తాగడం కూడా నాకు అనుమానమే. పొట్ట మీద ఏమీ లేదు, వీపు మీదా లేదు. కుడిరెక్క చివరికి వచ్చేసరికి ఈకలు మాడిపోయి, చర్మం నల్లగా కాలి ఉంది.

"కరెంటు తీగమ్మా" అన్నారావిడ. చెరువుల మీదుగా పోయే ఆ తీగలు నాకూ తెలుసు.

వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరు చంపారా అన్న ఆరాటంలో నా కొంగ చచ్చిపోయిందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. ఆవిడ డ్రయ్యర్ ఆపేసి, పిండి చేతులతోనే నన్ను దగ్గరికి తీసుకున్నారు.

ఇప్పటికీ నాది అనుమానపు బుద్ధే. మా ఇంట్లో పిల్లలు నన్ను సీఐడీ అని ఏడిపిస్తారు. కానీ ఎవరైనా పోయారని కబురొస్తే మాత్రం ఎలా పోయారు, ఎవరివల్ల పోయారు అని అడగను. ముందు ఏడుస్తాను.