తుపాకీ కంటికి బొట్టు

మానుకోట స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే కట్టయ్య పదో తరగతి పరీక్ష రాయాల్సిన సంవత్సరం అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డాయి. తెరిచేదాకా ఖాళీగా ఎందుకని వాళ్ల నాయిన అతన్ని రేడియో దుకాణంలో కూర్చోబెట్టాడు. తరవాత బడి తెరిచారు గానీ, అప్పటికి కట్టయ్య ఎవరిదో పెద్ద రేడియో విప్పి ముందర వేసుకుని ఉన్నాడు. పని మధ్యలో లేచిపోవడం మర్యాద కాదనుకున్నాడు. ఆ కూర్చోవడం పద్దెనిమిదేళ్లు కూర్చున్నాడు.

మనిషి మంచివాడే. కాకపోతే దేన్నీ పారేయడు. భార్య యాకమ్మ గార్ల నుంచి కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే ఆ సంగతి కనిపెట్టింది. పప్పు డబ్బా తెరిస్తే స్పీకరు, పోపుల డబ్బా తెరిస్తే తీగచుట్ట. ఇక బట్టల పెట్టెలో, ఆమె పెళ్లి చీర కింద, ఒక తుపాకీ చేరింది.

అది టీవీ ఆట తుపాకీ. పెద్దవంగరలో భూములున్న రవీందర్ ఎప్పుడో బొంబాయి నుంచి ఒక ఆటపెట్టె తెచ్చాడు. ఊళ్లోకి టీవీ ప్రసారం ఇంకా రాలేదు. ఆ పెట్టె కోసమే టీవీ కొన్నాడు. నల్లని తెర మీద ఒక తెల్లచదరం పరుగెడుతుంది, దాన్ని కాల్చాలి, తగిలితే టక్కుమంటుంది. రెండేళ్లకు పెట్టెలోని ముఖ్యమైన ముక్క కాలిపోయింది. కట్టయ్య హైదరాబాదులో అడిగించాడు, బొంబాయికి ఉత్తరం రాశాడు. అటువంటిది ఇప్పుడెవరూ చేయడం లేదన్నారు. పారేయమని రవీందర్ చెప్పాడు. చెప్పకూడని మనిషికి చెప్పాడు.

ఆ తుపాకీ ఏదో విసురుతుందని అందరూ అనుకునేవారు. విసరదు, చూస్తుంది. దాని మూతిలో చిన్న అద్దం, అద్దం వెనక వెలుతురు గుర్తుపట్టే ముక్క. మీట నొక్కినప్పుడు ఎదురుగా తెల్లచదరం ఉంటే తగిలినట్టు, లేకపోతే తప్పినట్టు. కట్టయ్య ఈ మాట వీధిలో అందరికీ విడమర్చి చెప్పాడు. అందరూ తలూపి, మూతి తమ వైపు తిరిగితే పక్కకు జరిగేవారు.

ఎనభై అయిదులో ఊరి హైస్కూలుకు కంప్యూటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, చెప్పులు బయట విడిచి, దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేశారు. రెండేళ్లు అది చాలా శుభ్రంగా ఉంది. అప్పుడు పైనుంచి కాగితం వచ్చింది: దసరా సెలవుల తరవాత అధికారి వస్తారు, మిషను వాడుతున్నట్టు కనపడకపోతే వేరే బడికి పంపిస్తారు. హెడ్మాస్టరు జగపతి ఆ కాగితాన్ని లెక్కల టీచరు అరుంధతి చేతిలో పెట్టాడు. ఆమె జనగామ మనిషి. కంప్యూటరు శిక్షణకు పదిరోజులు వెళ్లొచ్చిన పాపానికి ఆ గది ఆమె మెడకు చుట్టుకుంది.

మిషనుకు పాఠం క్యాసెట్ నుంచి ఎక్కాలి. టేప్‌రికార్డరు చెడిపోయింది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన కట్టయ్య, తెర మీద ఎక్కాలు తెల్లగా మెరవడం చూసి నిలబడిపోయాడు. ఈ తెల్లదాన్ని మనం చెప్పిన చోటికి ఉరికించొచ్చా అని అడిగాడు. ఉరికించొచ్చంది టీచరు. మర్నాడు తుపాకీ పట్టుకొచ్చాడు.

మూడు నెలలు, రోజూ బడి విడిచాక, కూర్చున్నారు. తుపాకీ తీగలు మిషను వెనక గూటికి కలపడం అతని పని, ఆటను మొదటినుంచి మళ్లీ రాయడం ఆమె పని. చదరం బదులు కొంగను పెడదామని టీచరు ముచ్చటపడింది. కట్టయ్య ఒప్పుకోలేదు. పాత పెట్టెలో ఉన్నట్టే ఉండాలి: అదే పరుగు, అదే టక్కు, చివరికి ఎడమ మూలకు వచ్చేసరికి చదరం ఒక్క క్షణం మాయమవడం కూడా. అది ఆ పెట్టె లోపం కదా, లోపాన్ని కూడా రాయాలా అని ఆమె విసుక్కుంది.

"లోపం కాదు టీచరమ్మా, దాని నడక గదే," అన్నాడు కట్టయ్య.

రాసింది. హెడ్మాస్టరుకు కూడా ఆశ పుట్టింది. మిషను నిలబడితే గదిలో మనిషి కావాలి, అధికారి మంచిమాట రాస్తే పదో తరగతి లేకపోయినా నిన్నే పెట్టిస్తానని కట్టయ్యకు మాటిచ్చాడు. పద్దెనిమిదేళ్ల కింద వదిలేసిన బడిలోకి మళ్లీ అడుగుపెట్టే దారి అదొక్కటే.

దసరాకు బడి మూశారు. తుపాకీని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయుధపూజ నాడు యాకమ్మ మీటరుకు, పట్టుకారుకు, కత్తిపీటకు బొట్లు పెట్టి తుపాకీ దగ్గర ఆగింది. దీనికి కన్నుందని మొగుడు వందసార్లు చెప్పాడు. కన్నున్నచోటే ముఖం, ముఖానికే బొట్టు. అద్దం నిండా పసుపు రాసి, మధ్యలో కుంకుమ దిద్ది, కొత్త రవికెగుడ్డలో చుట్టి దేవుడి ముందర పెట్టింది. శ్రద్ధగానే చేసింది.

బడి తెరిచిన రోజే వరంగల్ నుంచి అధికారి వచ్చాడు. కట్టయ్య మూట విప్పి, తీగలు కలిపి, తుపాకీ ఆయన చేతికిచ్చాడు. ఆయన కాల్చాడు. తగల్లేదు. దగ్గరికి జరిగి కాల్చాడు. తెరకు ఆనించి కాల్చాడు. చదరం తన దారిన తను పోతోంది. జగపతి సారు రుమాలు తీశాడు. కట్టయ్య తుపాకీ తీసుకుని మూతిలోకి చూశాడు.

అధికారి కూడా తొంగి చూశాడు. "కుంకుమ అడ్డమున్నది. తుడువుండ్రి మరి."

కట్టయ్య కదల్లేదు. జగపతి సారు కళ్లతో సైగ చేశాడు, తరవాత చెయ్యితో చేశాడు.

"మా ఇంటామె పండుగనాడు పెట్టిన బొట్టు సార్. నా చేతులతోని తుడువ," అన్నాడు కట్టయ్య.

"నౌకరి పోతది, జర ఆలోచించు," అన్నాడు హెడ్మాస్టరు. అన్నాడే గానీ రుమాలు మాత్రం ఆయన కూడా ఇవ్వలేదు. ఆయనకూ భార్య ఉంది.

అప్పుడు అరుంధతి టీచరు కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చుంది. ఎంత వెలుతురు కనబడితే తగిలినట్టు లెక్క అనేది ఆమె రాసిన ఆటలో ఒక అంకె. దాన్ని వెతికి నలభై తీసి నాలుగు పెట్టింది. ఇప్పుడు కొట్టండి సార్ అంది.

టక్కుమంది. మళ్లీ టక్కు. పదికి పది. అధికారి భుజాలు వెడల్పయ్యాయి. చిన్నప్పుడు వడిసెలతో పిట్టల్ని కొట్టేవాణ్నని చెప్పాడు. సంతకానికి పుస్తకం తెరిచారు. ఆయన సరదాగా పదకొండోసారి గోడ వైపు తిప్పి నొక్కాడు. అదీ టక్కుమంది.

పుస్తకం తెరిచే ఉంది, కలం మూత తీసే ఉంది. కట్టయ్య గొంతు సవరించుకున్నాడు.

"సార్, అంకె తగ్గించినంక దానికి సున్నపు గోడ సుత తెల్లగనే కనిపిస్తది. పదిట్ల మీయి ఎన్నో, గోడయి ఎన్నో నాకు తెల్వది."

జగపతి సారు కళ్లు మూసుకున్నాడు. అధికారి తుపాకీ బల్ల మీద పెట్టి, అంకె ఒక్కటి మారిస్తే మిషను గుణమే మారిందా అని టీచరును అడిగాడు. మారిందంది. పాత పెట్టెలో అయితే? కట్టయ్య చెప్పాడు: పాతదాంట్లో అయితే విప్పాలి, కాల్చి అతకాలి, రెండు రోజులు. అధికారి ఆ జిల్లాలో అన్ని కంప్యూటర్లను తనిఖీ చేశాడు గానీ అవి ఎందుకో ఇవాళ్టిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. మిషను ఇక్కడే ఉండాలని రాశాడు. గురి సంగతి రాయలేదు.

మూడు వారాలకు కట్టయ్యకు ఆర్డరు వచ్చింది. పదో తరగతి అడగని కొలువు బడిలో ఒక్కటే ఉంది కాబట్టి, కాగితంలో స్వీపరు అని ఉంది. యాకమ్మ దాన్ని ఎవరితోనో చదివించుకుని, మొగుడి ముందర పెట్టి, ఇంట్ల ఏనాడన్న చీపురు పట్టినవా అని అడిగింది.

"కంప్యూటర్‌కు దుమ్ము గిట్టదే," అన్నాడు కట్టయ్య, ఆర్డరును మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఎట్ల ఊడుస్తరో జర చూపియ్యి."

ఆమె కొంగు బిగించి, చీపురు అతని చేతికిచ్చి, మూల నుంచి మొదలుపెట్టమంది.