ఎల్లమ్మ తల్లి దారాలు

జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో, మావారు ఐసీయూలో ఉండగా, ప్రార్థించే ఓపిక కూడా లేని మధ్యాహ్నం అది. నా పక్కన ఒకావిడ నర్సుతో వాదిస్తోంది. ఫిల్మ్‌నగర్‌లో సెట్టు వేస్తూ ఆమె భర్త గుండెపోటుతో పడిపోయాడట.

"తొడలోంచి కంటే మణికట్టులోంచి స్టెంట్ వేస్తే రక్తం తక్కువ పోతుందమ్మా. చేతి దారాలు కత్తిరించాలి. మీరు చెబితేగానీ మీ ఆయన చెయ్యి ఇవ్వనంటున్నాడు," అంది నర్సు.

"ఎల్లమ్మ తల్లి దారాలవి, కింద పడొద్దు. నేనేమో ముట్టుల ఉన్న, పట్టుకోరాదు. తొడకెళ్లే వెయ్యుండ్రి!" అని ఆమె నావైపు తిరిగింది. "నువ్వన్న చెప్పక్కా, ఏం జెయ్యాలె?"

దారాల్లో శక్తి లేదని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేదాన్ని. ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అడిగింది అది కాదు.

"కత్తిరించనివ్వమ్మా. నేను పట్టుకుంటాను," అన్నాను.

ఆమె నా మెడలోని సిలువ చూసింది. "మీ దేవుడు కోపం జెయ్యడా?"

"ఆయనతో నేను చెప్పుకుంటాలే."

ఆమె సరేనన్నాక, నర్సు తెచ్చిచ్చిన దారాలను గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. చేతి నుంచే స్టెంట్ వేశామని, ప్రాణభయం లేదని డాక్టరు వచ్చి చెప్పాక, అప్పుడే వచ్చిన ఆమె మరిది వాటిని కళ్లకద్దుకుని తీసుకుపోయాడు.

ఆమె భర్త పేరు అడగనే లేదు. ఇప్పటికీ ప్రార్థనలో ప్రభువుకు ఆయన్ని "ఆ దారాల మనిషి" అనే చెబుతాను.