చెప్పకుండా ముట్టుకున్న చెయ్యి

దయ్యం అనే మాట నా నోట వెటకారంగా తప్ప ఎప్పుడూ రాలేదు. గ్రహణం రోజున నడిబజారులో కుర్చీ వేసుకుని పులిహోర తిన్నవాణ్ణి. గాల్లోంచి విబూది తీసి చూపించి, ఇది చేతివాటం తప్ప మరేమీ కాదని ఊరూరా చెప్పినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. ఇది చదివి "చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు" అని గంతులేసేవాళ్ళతో ఇవాళైనా వాదనకు సిద్ధం. అయినా రాస్తున్నాను. తమకు నచ్చని సాక్ష్యాన్ని దాచిపెట్టడం బాబాల పని. నేనూ అదే చేస్తే ఇన్నేళ్ళూ వాళ్ళను తిట్టడానికి నాకేం హక్కు?

తొంభైల చివర సంగతి. కొండాపూర్ వైపు కొత్తగా పెట్టిన ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో సోషియాలజీ, సైకాలజీ చెప్పేవాణ్ణి. అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లే కాలేజీ, పైన హాస్టలు. వెనక సిమెంటు రేకుల షెడ్డు. అందులో ఇనుప మంచాలు, బల్లలు వేసి అమ్మాయిలతో ప్రాక్టికల్స్ చేయించేవారు.

షెడ్డు వెనక గోడ దాటితే బండలు. ఏనుగులంత బండలు. అక్కడ అద్దాల మేడ ఒకటి రావాలట. అందుకని ఏడాది పొడుగునా ఆ బండలను పేల్చారు. పొద్దున్నించీ కంప్రెషర్ మోత, మధ్యాహ్నం ఈల, ఆ వెంటనే పేలుడు. కిటికీ అద్దాలు పగలని వారం లేదు. పాఠం మధ్యలో ఈల వినగానే అమ్మాయిలు బల్లల కిందికి దూరడం మామూలైపోయింది. ఫిర్యాదు చేయడానికి వెళ్తే, "నగరం పెరుగుతుంటే ఈ మాత్రం చప్పుడు ఉండదా" అని ఒక అధికారి నాకే పాఠం చెప్పాడు.

అక్కడ ఎర్రజెండా పట్టుకుని ఈల వేసేవాడు ఎల్లయ్య. నలభై ఏళ్ళుంటాయి. ఏదో పాత పేలుడులో కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. బొటనవేలు, మరో రెండు వేళ్ళు మిగిలాయి. ఆ మూడింటి పట్టు పట్టకారు పట్టే.

అది నాకు మొదటి వారంలోనే తెలిసింది. నేను ఈల వినిపించుకోకుండా అడ్డదారిన నడిచి వస్తుంటే, వెనకనుంచి నా ఎడమ జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బండ చాటున బోర్లా పడ్డాను. మరుక్షణం పేలింది. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, కళ్ళద్దాలు పగిలాయి.

"చెప్పి లాగొచ్చు కదయ్యా!" అని అరిచాను.

"చెప్పే టైమున్నదా సారూ?" అని అతను నాకంటే గట్టిగా అరిచాడు. "చెప్పెటాల్లకు నీ తలకాయ లేస్తుండె!"

జబ్బ మీద నల్లటి మచ్చలు చాలా రోజులున్నాయి. ఒకవైపు ఒకటి, రెండోవైపు రెండు.

మా ఇద్దరికీ ఆ తర్వాత కూడా పడలేదు. కొత్త బండ మొదలుపెట్టే ముందు దానికి మేకను కోసేవాళ్ళు. నేను గోడ ఇవతల నిలబడి, "మేక మెడ కోస్తే పేలుడు మందు మాట వింటుందా? పనివాళ్ళకు ఇనుప టోపీలు కొనిమ్మని కంట్రాక్టర్ని అడగండి" అని ఉపన్యాసం ఇచ్చాను. "ఈ సార్‌ను కోస్తే బండకు జర చప్పుడు తగ్గుతది" అన్నాడు ఎల్లయ్య. అందరూ నవ్వారు. కానీ నేను చెప్పింది నిజం. ఆ ఏడాది ఎన్ని మేకలు తెగినా గాయాలు ఆగలేదు.

గాయం తగిలినప్పుడల్లా వాళ్ళు మా దగ్గరికే వచ్చేవారు. ప్రిన్సిపాల్ సుగుణమ్మ గారు సర్కారు దవాఖానాలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడది ఒకటే పట్టుదల. నర్సు చెయ్యి రోగి ఒంటి మీద పడేముందు నోరు ఆ సంగతి చెప్పాలి. "అమ్మా, పక్కకు తిప్పుతున్నా." "అయ్యా, సూది గుచ్చుతున్నా." స్పృహలో లేనివాళ్ళకైనా, చచ్చిపోయినవాళ్ళకైనా చెప్పాల్సిందే. చెప్పకుండా ముట్టుకున్న అమ్మాయిని బయట నిలబెట్టేవారు.

ఎల్లయ్యకు కట్టు కట్టేటప్పుడు అమ్మాయిలు అలాగే చెబుతుంటే అతను పగలబడి నవ్వేవాడు. "ముట్టుకునేటందుకు గూడ చెప్తరా? గిదేం చదువు బిడ్డా!"

వానాకాలంలో ఒక పేలుడు అదురుకు, మాకున్న ఒకే ఒక్క బొమ్మ పేషెంటు మంచం మీదనుంచి పడి ముక్కలైంది. కొత్తది కొనలేదు. అప్పటినుంచి అమ్మాయిలే వంతులవారీగా రోగులయ్యారు. శవాన్ని బంధువులకు అప్పగించే ముందు నర్సు చేయాల్సిన పనులు నేర్చుకునే రోజు శవాలు కూడా వాళ్ళే. గడ్డం జారిపోకుండా తలకు కట్టు, చేతి బొటనవేళ్ళు రెండూ కలిపి ఒక కట్టు, కాలి బొటనవేళ్ళకు ఒకటి, కాలికి పేరు రాసిన చీటీ, మీద దుప్పటి.

చలికాలంలో ఇద్దరమ్మాయిలు శవాలుగా పడుకున్నారు. వారం తిరగకముందే అందులో ఒకమ్మాయి, చందానగర్‌లో ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ బొంబాయి రోడ్డు మీద లారీ కింద పడింది. తెల్ల యూనిఫారంలో తెలుపు మిగల్లేదు. అక్కడే పోయింది.

రెండో అమ్మాయి నాగమణి. కర్నూలు జిల్లా నుంచి వచ్చింది. తర్వాతి వంతు తనదేనని ఆ పిల్ల మనసులో నాటుకుపోయింది. తిండి మానేసింది. తీసుకుపొమ్మని నాన్నకు ఫోన్ చేసి, ట్రంకుపెట్టె సర్దుకుంది. వాళ్ళింట్లో హైస్కూలు దాటిన మొదటి మనిషి తనే. వెళ్తే మళ్ళీ రాదని అందరికీ తెలుసు.

"చీటీ మీద నా పేరు రాసినారు సార్," అంది. "దాని పేరూ రాసినారు. అది పాయె. ఇంగ నేనే."

"ఆ లారీ డ్రైవరు మీ చీటీ చదివాడా?" అన్నాను.

"మీకేం సార్, మాటలు శానా చెప్తారు. మీరు పండుకోండి చూద్దాం."

పడుకుంటానన్నాను. నా పేరు, ఇంటిపేరుతో సహా రాయమన్నాను. ఆదివారం వాళ్ళ నాన్న వచ్చేసరికి నేను నిక్షేపంగా తిరుగుతుంటే ట్రంకుపెట్టె విప్పేయాలన్నాను. ఒప్పుకుంది. సుగుణమ్మ గారు, "మాస్టారూ, మీ పందేలకు నా పిల్లల్ని వాడుకోకండి" అని విసుక్కుని, చివరకు సరేనన్నారు.

శనివారం, పట్టపగలు. షెడ్డులో నడిమి మంచం మీద పడుకున్నాను. నలుగురమ్మాయిలు చుట్టూ నిలబడ్డారు. నాగమణి దూరంగా, తలుపు పక్కన మూలలో ఉంది.

"సార్, గడ్డం కడుతున్నాం." కట్టారు. "సార్, చేతులు కడుతున్నాం." "సార్, కాళ్ళు." "సార్, చీటీ కడుతున్నాం." "సార్, దుప్పటి కప్పుతున్నాం." ముఖం మీద తెల్లగా పడింది.

ఇక్కడినుంచి నేను సాక్షిలా రాయాలి. నా ఒంటి మీద పడిన ప్రతి చెయ్యీ ముందు చెప్పి పడింది.

ఈల వినపడలేదు. ఒక్కసారిగా పేలింది. మామూలు మోత కాదు, దగ్గరగా, పగిలినట్టు. అమ్మాయిలు కేకలేస్తూ బల్లల కిందికి పోయిన చప్పుడు విన్నాను. నేను లేవబోయాను. చేతులు కట్టేసి ఉన్నాయి, కాళ్ళు కట్టేసి ఉన్నాయి, దవడ కట్టుతో అరవడానికి లేదు. సగం లేచి, అక్కడే ఆగిపోయాను.

అప్పుడు ఒక చెయ్యి నా ఎడమ జబ్బ పట్టుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎముక మీదకు దిగిన పట్టు. ఒక్క గుంజు. దుప్పటితో సహా మంచం పక్కన నేల మీద బోర్లా పడ్డాను.

రెండో పేలుడు. రేకులు చీల్చుకుని బండముక్క దిగింది. దాన్ని తర్వాత నలుగురు మోయలేకపోయారు. నేను పడుకున్న మంచం నడిమికి విరిగి నేలకు అంటుకుపోయింది.

మోత విని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, దుమ్ములోంచి నన్ను లాగి కట్లు కోసింది సుగుణమ్మ గారు. అమ్మాయిలు నలుగురూ రెండు బల్లల కింద ఒకరినొకరు కావలించుకుని ఉన్నారు. నాగమణి ఇంకా మూలలోనే ఉంది. నా వైపు ఎవరూ రాలేదని ఐదుగురూ చెప్పారు. విడివిడిగా అడిగాను, కసిరి అడిగాను. అదే మాట.

గోడ అవతల ఏడుపులు మొదలయ్యాయి. ముందురోజు పేలకుండా మిగిలిన మందు తూటా ఉన్న గుంతలోకే ఎవరో డ్రిల్లు దింపారు. డ్రిల్లు పట్టినవాడు గాయాలతో బతికాడు, పక్కన నిలబడ్డ ఎల్లయ్య మాత్రం మొదటి పేలుడుకే పోయాడు. ఆ నిప్పు అంటుకుని, మందు దట్టించిన మిగతా గుంతలు పేలాయి. అదే రెండో పేలుడు. అక్కడున్నవాళ్ళందరూ చెప్పిన వరుస ఇదే: ముందు అతను పోయాడు, తర్వాత బండ లేచింది.

పోలీసులు వచ్చేలోపు శవాన్ని మాయం చేయాలని కంట్రాక్టర్ మనుషులు ట్రాక్టరు తెచ్చారు. పనివాళ్ళు గడ్డపారలతో అడ్డం తిరిగారు. నా కళ్ళముందే ఒకడి తల పగిలింది. మరొకణ్ణి ట్రాక్టరు చక్రానికేసి కొట్టారు. నేను మధ్యలోకి వెళ్ళి చెంపదెబ్బ తిన్నాను. సుగుణమ్మ గారు అమ్మాయిలను వెంటేసుకుని వెళ్ళి, శవాన్ని రేకుముక్క మీద మోయించుకొచ్చి, షెడ్డులో పెట్టి తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "నన్ను దాటి తీస్కపోండ్రి," అన్నారు. ఎవరూ దాటలేదు. పోలీసులు వచ్చేవరకూ అలాగే కూర్చున్నారు.

ఆ సాయంత్రం చొక్కా విప్పి చూసుకున్నాను. జబ్బ మీద నల్లటి మచ్చలు. ఒకవైపు ఒకటి, రెండోవైపు రెండు.

మర్నాడు పోస్టుమార్టం అయ్యాక ఎల్లయ్యను తిరిగి మా షెడ్డుకే తెచ్చారు. గోనెపట్టా చుట్టి, పురికొసతో కట్టి, సరుకులా పడేశారు. అతని భార్య చూడటానికి వస్తోందని, ఈలోగా మనిషిలా కనిపించేట్టు చేయాలని సుగుణమ్మ గారు అన్నారు. "ఎవరొస్తారమ్మా?" అని అడిగారు. ఎవరూ కదల్లేదు.

వరండాలో నాగమణి నాన్న ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. నాగమణి లేచింది. "ఒక్క గంట నాయనా," అని ఆయనతో చెప్పి లోపలికొచ్చింది.

ఆ ఒళ్ళు ఎలా ఉందో రాయను. ఆ పిల్ల మాత్రం ఒక్క పనీ చెప్పకుండా చేయలేదు. "అన్నా, మొగం తుడుస్తాండా. అన్నా, గడ్డం కడ్తాండా." కుడిచెయ్యి దెబ్బ తినకుండా మిగిలింది. "అన్నా, చెయ్యి తుడుస్తాండా" అని గుడ్డ ఆనించి, ఆగిపోయింది. నన్ను పిలిచింది.

"సార్, చొక్కా మడవండి."

మడిచాను. ఆ చేతిని లేపి నా జబ్బకు ఆనించింది. చల్లగా ఉంది. బొటనవేలు మచ్చ మీద బొటనవేలు, రెండు మచ్చల మీద రెండు వేళ్ళు. పక్కకు జరిపి చూశాను. కుదరలేదు. మళ్ళీ అక్కడే కుదిరింది.

అతని కాలికి కట్టడానికి కొత్త చీటీ దొరకలేదు. నా కాలినుంచి ఊడదీసిన చీటీ కిటికీలో ఉంటే, దాన్ని తిరగేసి ఎల్లయ్య పేరు రాసింది.

"నీకు భయం వేయడం లేదా?" అన్నాను.

"ఎందుకు సార్? లాగినాడంతే కదా. సంపలేదు కదా," అంది. బయటికి వెళ్ళి చేతులు కడుక్కుని, ట్రంకుపెట్టె తానే మోసుకుని పైకి హాస్టలుకు వెళ్ళింది. చదువు పూర్తి చేసింది. ఇప్పటికీ నర్సే.

భయం పోగొట్టాలని పందెం వేసింది నేను. పోయింది కూడా. కానీ నా వాదనతో పోలేదు.

ఇక నా ప్రయత్నాలు. కంగారులో నేనే దొర్లిపడి ఉండొచ్చు. అప్పుడు మచ్చలు? మంచం ఊచలకు జబ్బను అన్ని వైపులా ఆనించి చూశాను. అలా పడవు. అమ్మాయిల్లో ఎవరో లాగి, భయంతో మరిచిపోయి ఉండొచ్చు. ఐదుగురి చేతులూ చూశాను. అన్నీ చిన్నవి, అన్నిటికీ ఐదు వేళ్ళు. పాత దెబ్బ జ్ఞాపకం ఒంటి మీద తేలిందనుకుందామా? సైకాలజీ చెప్పేవాణ్ణి, ఆ మాట రాయడం తేలిక. జ్ఞాపకం మనిషిని మంచం మీదనుంచి కిందికి గుంజిన ఉదాహరణ మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

దయ్యమని అనను. దేవుడని అసలే అనను. బండకు కోసిన ఏ మేకా ఎల్లయ్యను కాపాడలేదు. పేలని తూటాను వెతికి తీయించకపోవడం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు, అది హత్య. దానికి ఎవరికీ శిక్ష పడలేదు. ఆ స్థలంలో ఇప్పుడు అద్దాల మేడ ఉంది.

మచ్చలు కొన్ని వారాలకు మాసిపోయాయి. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. చెప్పి లాగలేదు. చెప్పే టైము లేదు.