లంకమలలో గడ్డల పాఠం

కడప జిల్లాకు బడుల ఇన్‌స్పెక్టరుగా కొత్తగా వెళ్లిన ఏడాది, లంకమల కింది ఒక ఊళ్లో బడికి తాళం వేసి ఉంది. వెతుక్కుంటూ కొండెక్కితే, పంతులమ్మ నరసమ్మగారు ఇరవైమంది పిల్లలతో చెట్ల నీడన కనిపించారు. వాళ్ల ముందు అప్పుడే తవ్విన రెండు రకాల గడ్డలున్నాయి.

"బడి మూసి అడవిలో ఏం పని? రిపోర్టు రాస్తాను," అన్నాను.

"రాసుకో అప్పా," అన్నారామె. మా గుంటూరులో అధికారిని ఎవరూ అలా పిలవరు. అది అక్కడి మర్యాదేనని తర్వాత తెలిసింది.

"పోయిన కరువులో మా బడి పిల్ల ఒకితి ఆకలికి తాళలేక ఇసపు గడ్డ తిని సచ్చిపాయ. దానికి గుణింతాలన్నీ వచ్చు. ఏ గడ్డ తినాల్నో నేను చెప్పలే. ఇప్పుడు చెప్తాండా. ఉద్యోగం పీకేసినా ఈడికే వస్తా."

పిల్లల పక్కన చతికిలబడ్డాను.

"నువ్వు చెప్పప్పా, ఏది తినొచ్చు?" అని అడిగారు నరసమ్మగారు.

నున్నగా ఉన్నదాన్ని చూపించాను.

"సస్తావప్పా!" అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

నరసమ్మగారు నవ్వలేదు. "మళ్లీ చూడు," అని రెండు గడ్డలూ నా చేతిలో పెట్టారు.

బడి బాగా నడుస్తోందని రిపోర్టు రాశాను. పైవాళ్లు సంజాయిషీ అడిగితే, మీరే వచ్చి కొండెక్కి చూడండని జవాబిచ్చాను.