భద్రు ట్రాక్టర్ ఎడమ లైటు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మడం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. జవాబు తెలియకపోతే తెలియదని రాయండి గాని, నోటికొచ్చింది రాసి మార్కులు అడగొద్దని చెప్పిన నోటితోనే ఇది చెప్తున్నాను.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఏడాది నుంచి రెండు రకాల మాటలు పడుతున్నాను. కొందరు నన్ను దయ్యాన్ని ఫొటో తీసిన ముసలమ్మ అంటున్నారు. ఇంకొందరు ఫొటో మార్చిన ముసలమ్మ అంటున్నారు. మొదటి మాటకు నవ్వి ఊరుకోగలను. రెండో మాటకు ఊరుకోను.

నా ఇల్లు జూలూరుపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన ఉంటుంది. రిటైరయ్యాక కెమెరా కొనుక్కున్నాను. మనుషులను తీయను. కెమెరా చూడగానే వాళ్లు మొహం మార్చుకుంటారు. బొగ్గు లారీలు, పత్తి ట్రాలీలు, వానకు ముందు గుట్టలు, మబ్బు లేని రాత్రుల్లో డాబా మీద నుంచి చుక్కలు, ఇంట్లో గింజలు కొలిచే మానిక, తవ్వ, అరిగిపోయిన కత్తిపీట. ఇవే నా ఫొటోలు. ఇవి మొహం మార్చుకోవు.

ప్రతి ఫొటోకి తేదీ, వేళ, వెలుతురు ఎటు నుంచి పడిందో రాసుకుంటాను. తీసిన తరువాత రంగు కూడా దిద్దను. మబ్బు పట్టిన రోజు మబ్బుగానే కనిపించాలి. ఈ పద్ధతి ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నారు. అదే నా కోపం.

మా ఇంటి ఎదురు దారిలో తండా ఉంది. అక్కడి భద్రు నా దగ్గర చదువుకున్నవాడే. లెక్కల్లో అంతంతమాత్రం, బండి తోలడంలో దిట్ట. ఎడ్లను అమ్మేసి ఎర్ర ట్రాక్టర్ కొన్నాడు. సొంత చేను దున్నుకుని, మిగతా రోజుల్లో కిరాయికి తోలేవాడు.

అతనికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. రోడ్డు మీద నుంచి తండాలోకి మలిగేటప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తాడు, మలిగిన తరువాత తీసేయడు. షెడ్డులోకి చేరేదాకా అది కొట్టుకుంటూనే ఉంటుంది. పిల్లలు వెనక పరుగెత్తుతూ "ఎడమ లైటు భద్రు" అని అరిచేవాళ్లు. నేను కూడా గేటు దగ్గర నుంచి ఎన్నోసార్లు కేకేశాను. "ఇంకెన్నిసార్లు ఎడమకు మలుగుతావురా?" అంటే, "యాది మరిచిన టీచరమ్మా" అని నవ్వేవాడు.

నిరుడు ఎండాకాలం చివర, చేనులోనే గుండె ఆగి భద్రు పోయాడు. పెద్ద వయసు కాదు.

నెల తిరక్కుండానే భద్రు అన్న లచ్చిరాం ట్రాక్టర్ అమ్మేద్దామన్నాడు. భద్రు భార్య శాంతి వద్దన్నది. ఆమెకు ట్రాక్టర్ తోలడం వచ్చు. భద్రే బీడులో నేర్పాడు, నేను నా కళ్లతో చూశాను. ఆ బండి ఉంటే తన చేను తాను దున్నుకుంటుంది, కిరాయికి పోతుంది, ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తుంది. లేకపోతే బావ బండి ఖాళీ అయ్యేదాకా చేను గట్టు మీద కూర్చోవాలి. ఇది ఆమె అందరికీ చెప్పింది. లచ్చిరాంకు చెప్పింది, కులపెద్దలకు చెప్పింది, నాకూ చెప్పింది.

"ఆడది ట్రాక్టర్ తోలితే తండా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు లచ్చిరాం. పెద్దలు తలలూపారు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

లచ్చిరాంకు తొందర ఎందుకో చెప్పాలి. ఆషాఢంలో ఒక మంగళవారం తండాలో శీత్లా పండుగ చేస్తారు. పొలిమేర దగ్గర ఏడు రాళ్లు నిలబెట్టి, అమ్మవార్లుగా కొలిచి, గుగ్గిళ్లు పెట్టి, పశువులన్నిటినీ ఆ గుగ్గిళ్ల మీదుగా దాటిస్తారు. అందుకే దాటుడు పండుగ అని కూడా అంటారు. దాటిన పశువుకు ఆ ఏడు రోగం రాదని నమ్మకం. ఏ ఇంటి పశువును ఆ ఇంటివాళ్లే దాటించాలి. దాటించిన పశువును ఆ ఏడాది అమ్మకూడదని ఈ తండాలో కట్టుబాటు.

భద్రు ఎడ్లు అమ్మినా పండుగ మానలేదు. ఏటా మంద చివర ట్రాక్టర్ తెచ్చి దాటించేవాడు. "దీనికేం గాలికుంటు వస్తదిరా?" అని ముసలివాళ్లు వెక్కిరిస్తే, "పంచర్ గాకుంట అమ్మ చూసుకుంటది" అనేవాడు. అలా అలా ఆ ట్రాక్టర్ కూడా మందలో చేరిపోయింది. అందుకే దాటుడు లోపలే బేరం తెగాలని లచ్చిరాం ఆత్రం.

సత్తుపల్లి వైపు నుంచి ఒక కొనేవాడు దొరికాడు. ముందు ఫొటోలు పంపమన్నాడు. లచ్చిరాం నా దగ్గరికి వచ్చాడు. "నీ లెక్క ఎవ్వరు తియ్యరు టీచరమ్మా" అన్నాడు. అప్పుడు అలా అన్నాడని గుర్తుంచుకోండి.

పండుగకు ముందు ఆదివారం, పొద్దున ఎనిమిది దాటాక వెళ్లాను. ఆకాశం నిండా మబ్బు. ఎండ పొడ లేదు. ట్రాక్టర్ రేకుల షెడ్డులో, మూతి గేటు వైపు పెట్టి నిలబడి ఉంది. ఆ గేటు దాటి ఎడమకు తిరిగితే భద్రు చేను, కుడికి తిరిగితే పెద్ద రోడ్డు.

బ్యాటరీ లేదు. లచ్చిరాం తన ట్రాక్టర్ బ్యాటరీ పాడైతే, భద్రు పోయిన కొన్నాళ్లకే దీనిది విప్పి తన బండికి పెట్టుకున్నాడు. బ్యాటరీ పెట్టే డబ్బా ఖాళీగా ఉండడం, వైర్ల కొసలకు గుడ్డపేలిక చుట్టి ఉండడం నేను చూశాను. కొనేవాడికి కూడా ఆ సంగతి లచ్చిరామే ఫోనులో చెప్పాడు, వచ్చేటప్పుడు బ్యాటరీ తెచ్చుకోమని.

నేను స్టాండు మీద కెమెరా బిగిస్తుంటే శాంతి నీళ్లచెంబుతో వచ్చి మెల్లగా అడిగింది. "మంచిగ తియ్యకు టీచరమ్మా. పాతగ, ఖరాబుగ కనవడేటట్టు తియ్యి. వాడు చూసి వద్దనాలె."

కుదరదన్నాను. ఉన్నది ఉన్నట్టే వస్తుంది, అంతకంటే మంచిగా రాదు, చెడ్డగా రాదు అన్నాను. ఆమె చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఎదురు నుంచి, కెమెరా కదపకుండా, వరుసగా ఐదు ఫొటోలు తీశాను. మొత్తం ఒక నిమిషం పట్టి ఉంటుంది. నా కంటికి ఏ లైటూ కనిపించలేదు. లచ్చిరాం పక్కనే నిలబడి "జల్దీ పంపు, జల్దీ పంపు" అంటుంటే, కెమెరా నుంచి ఫోనులోకి ఎక్కించి, ఐదూ అతని ఫోనుకు పంపాను. ఒక్కొక్కటి పెద్దది చేసి చూసుకునే నా అలవాటును ఆ ఒక్క రోజు అతని తొందర చెడగొట్టింది.

మధ్యాహ్నానికి కొనేవాడు ఫోను చేశాడు. "బండికి బ్యాటరీ లేదన్నరు. ఫొటోల లైటు వెలుగుతుంది. మీ మాటన్న అబద్ధం, మీ ఫొటోనన్న అబద్ధం. నాకు ఈ బేరం వద్దు" అన్నాడట.

లచ్చిరాం నా గేటు ముందుకొచ్చి, రోడ్డున పోయేవాళ్లందరికీ వినపడేలా అరిచాడు. "ఏంది టీచరమ్మా గిది? బ్యాటరీ నా బండిల ఉంటే, లైటెట్ల వెలుగుతది? నువ్వు, శాంతి గల్సి నన్ను పిచ్చోన్ని జేస్తున్రా? చదువుకున్నోల్లు గిట్ల జేస్తరా?"

అప్పుడు చూశాను. రెండో ఫొటోలో, నాలుగో ఫొటోలో ఎడమ మడ్‌గార్డ్ మీది ఇండికేటర్ వెలిగి ఉంది. మిగతా మూడింటిలో ఆరి ఉంది. ఎడమ అంటే ట్రాక్టర్‌కు ఎడమ, ఫొటో చూసేవాళ్లకు కుడి. ఇది కూడా సరిగ్గా చెప్పలేని మనుషులు నాకు ఫొటోల గురించి పాఠాలు చెప్పారు.

ఎండ తళుకు అన్నారు. ఆ రోజు ఎండే లేదు. పైగా ఎండ ఒక నిమిషంలో రెండుసార్లు వెలిగి మూడుసార్లు ఆరదు. కెమెరా లోపం అన్నారు. చుక్కల ఫొటోలు తీసేదాన్ని, కెమెరా లోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది ఒక సన్నటి చుక్కలా, ప్రతి ఫొటోలోనూ ఒకే చోట పడుతుంది. ఇది అలా కాదు. ఆ రెండు ఫొటోల్లో లైటు పక్కనున్న ఎర్ర రేకు మీద, షెడ్డు గుంజ మీద కూడా నారింజ వెలుగు పడింది. ఏదో ఒకటి వెలగనిదే పక్కవాటి మీద వెలుగు పడదు.

మర్నాడు అదే వేళకు, అదే మబ్బులో, అదే చోట స్టాండు పెట్టి మళ్లీ తీశాను. ఒక్క దాంట్లోనూ వెలగలేదు. ఎదురుగా టార్చి వేయించి తీశాను. గ్లాసు తెల్లగా మెరిసింది గాని, లోపలి నుంచి వెలిగినట్టు లేదు.

ఖమ్మంలో నాకు తెలిసిన ఫొటో స్టూడియో అతనికి అసలు ఫైళ్లు పంపాను. సాయంత్రానికి ఫోను చేసి, ఎక్కడా దిద్దలేదు, ఒరిజినలే మేడమ్ అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే గొంతు తగ్గించి, "నాకు మాత్రం చెప్పండి, ఏ యాప్‌తో చేశారు?" అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఆ సాయంత్రమే నేను తండాకు వెళ్లి లచ్చిరాంను అందరి ముందూ పిలిచాను. స్క్రూడ్రైవర్ తెమ్మన్నాను. నేను చేయి పెడితే నేనే ఏదో చేశానంటారు, నువ్వే విప్పు, వైరు ఉందో బ్యాటరీ దాచారో నువ్వే చూడు అన్నాను. శాంతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏదో చెప్పబోయింది. లచ్చిరాం చేయి అడ్డం పెట్టి ఆపేశాడు.

ముందు బ్యాటరీ డబ్బా చూశాడు. ఖాళీ. వైర్లకు చుట్టిన పేలిక చుట్టినట్టే ఉంది, దాని మీద సాలెగూడు. తరువాత ఎడమ లైటు నారింజ గ్లాసు విప్పాడు. లోపల బల్బు లేదు. బల్బు ఉండాల్సిన చోట దుమ్ము పేరుకుని, మూల ఏదో పురుగు కట్టిన చిన్న మట్టిగూడు ఉంది.

అప్పుడు శాంతి అన్నది. "గదే చెప్పవోతున్న బావా. లైటు ఆర్పడు, వెనకొచ్చే బండ్లోళ్లు తిడుతుంటే నాకు సిగ్గయితుండె. నిరుడు దసరాకు బండి కడిగినప్పుడు బల్బే పీకిపిచ్చిన. తర్వాత గూడ ఆయన బటన్ వేసుడు మానలే. వెలగదని తెల్వక, వేసుకుంటనే తిరిగిండు."

లచ్చిరాం గ్లాసును, స్క్రూడ్రైవర్‌ను నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. స్క్రూలు నేనే బిగించాను.

నాకు క్షమాపణ చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున, తండాలో డప్పులు మొదలైన తరువాత, శాంతి అతని వాకిట్లోకి వెళ్లి ఒకటే మాట అడిగింది. "నా బ్యాటరీ నాకియ్యి బావా." అతను తన బండిలోది విప్పి, తనే మోసుకొచ్చి, తనే బిగించాడు.

పశువులన్నీ దాటాయి. మేకలు దాటాయి. చివరగా ఎర్ర ట్రాక్టర్ వచ్చింది. తోలేది శాంతి. ఒక ముసలామె "అగో, భద్రుగాని ఎద్దొచ్చింది" అన్నది. అందరూ నవ్వారు. శాంతి కూడా నవ్వింది, చక్రాల మీద నుంచి చూపు తీయకుండా. గుగ్గిళ్లు పెట్టిన చోటు దాటించి ఆపింది. దాటించిన దాన్ని ఆ ఏడు అమ్మకూడదు. ఇక బేరం మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచీ తండాలో చెప్పుకునేది ఏమిటంటే, బండి అమ్మొద్దని, ఎడమకు చేనుకే తిప్పమని భద్రు లైటు వేసి చెప్పాడట. అదిగో, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. అమ్మొద్దని చెప్పింది భద్రు కాదు, శాంతి. బతికి ఉన్న మనిషి. అన్నం వండి, పిల్లలను బడికి పంపి, పెద్దల ముందు నిలబడి, ఎండాకాలం నుంచి ఆషాఢం దాకా నోటితో చెప్పింది. ఒక్కరికీ వినపడలేదు. బల్బు లేని లైటు రెండుసార్లు వెలిగితే మాత్రం ఊరంతా చెవులు రిక్కించి విన్నది.

శాంతి ఇప్పుడు తన చేను దున్నుకుంటోంది, కిరాయికీ పోతోంది. ఎడమ లైటుకు కొత్త బల్బు వేయించింది. మా ఇంటి ముందు మలిగేటప్పుడు వేస్తుంది, మలగ్గానే ఆర్పేస్తుంది. నేను గేటు దగ్గర నిలబడి చూస్తుంటాను. ఆ బండిని ఈ ఏడాదిలో చాలాసార్లు తీశాను, మబ్బులోనూ, ఎండలోనూ. ఏ ఫొటోలోనూ వింత లేదు. మనుషులను తీయననే నా నియమం ఒక్కసారి తప్పి, శాంతి సీటులో కూర్చుని ఉండగా కూడా తీశాను. ఆమె మొహం మార్చుకోలేదు.

ఆ ఐదు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ఒక్క చుక్క దిద్దలేదు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి, కూర్చుని, ఎంతసేపైనా చూసుకోవచ్చు. రెండూ నాలుగూ ఎందుకు వెలిగాయో వాళ్లకు తెలిస్తే నాకు చెప్పాలి. నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను.