తుపాకి రసీదు

ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలని మొన్న పేపర్లో నాలుగు వరుసల ప్రకటన వచ్చింది. హిందూపురంలోని మా ఇంట్లో పేపరు మొదట చదివేది నేనే, చదివింది అందరికీ వినిపించే అలవాటూ నాదే. ఆ ప్రకటన మాత్రం ఎవరికీ వినిపించకుండా పేపరు మడిచి, బీరువాలోంచి నా పాత డైరీ తీశాను. అందులో అలాంటి రసీదే ఒకటి ఉంది. అది నాది కాదు, నా దగ్గర ఉండవలసిందీ కాదు.

తొంభైల్లో నేను పెనుకొండ మండలాఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాణ్ణి. శెనక్కాయ చేలను అడవిపందులు పాడుచేస్తున్నాయని మెట్ట ఊళ్లలో కొందరు రైతులకు ఒంటిగొట్టం తుపాకికి లైసెన్సు ఉండేది. తండ్రి చనిపోతే అది కొడుకు పేరుకు మారాలి. అతనిమీద కేసులేమైనా ఉన్నాయా అని పోలీసులు, మనిషి ఎలాంటివాడు, ఇంట్లో తక్కిన వారసులకు అభ్యంతరముందా అని మేము రిపోర్టు రాయాలి. పైవాళ్లు ఈ రెండు కాగితాలే చూసి సంతకం పెట్టేవాళ్లు. మా రివాజు ఏమిటంటే, ఊరికి పోకపోవడం. అర్జీ పెట్టుకున్నవాడే ఐదుగురు పెద్దమనుషుల సంతకాలూ, ఇంట్లో ఆడవాళ్ల వేలిముద్రలూ తెచ్చి మా బల్లమీద పెట్టేవాడు, మేము టీ తాగుతూ ‘స్వయముగా గ్రామమునకు వెళ్లి విచారించగా’ అని మొదలుపెట్టేవాళ్లం. అది అబద్ధమని మాలో ఎవరికీ తోచేది కాదు. నా దస్తూరీ బాగుంటుందని మా ఆఫీసరు మెచ్చుకునేవాడు కూడా.

ఎర్రమంచి దాటి లోపలికి పోతే వచ్చే ఊరినుంచి ఒకతను అలాగే వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, తలవంచుకుని మాట్లాడాడు, తండ్రి పోయి మూడు నెలలన్నాడు. తల్లి వేలిముద్ర అప్పటికే కాగితంమీద ఉంది. నేను ‘శాంత స్వభావి, కుటుంబ సభ్యులకు అభ్యంతరము లేదు’ అని రాసి పంపాను, ఆ వ్యవహారం అంతటితో మరిచిపోయాను.

రెండేళ్లకు ఎన్నికలొచ్చాయి, అందరితోపాటు అతనూ తుపాకి స్టేషన్లో అప్పగించాడు. ఫలితాలొచ్చిన వారానికి వాళ్లమ్మ బస్సు దిగి, నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది. మనిషి బక్కపలచన, గొంతు మెత్తన. కొడుక్కు తాగితే కోపం ఆగదట, ఒకసారి సంగటి తినే దగ్గర మాటా మాటా పెరిగి తుపాకి తీసి పెండ్లాము ఎదమీద పెట్టాడట. ఆ అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని ముదిగుబ్బలోని పుట్టింటికి పోయింది. తుపాకి స్టేషనుకు చేరిందని తెలిశాకే తిరిగొచ్చింది. ఎన్నికలైపోయాయి కాబట్టి తుపాకులు తిరిగిచ్చేస్తారు, ఇప్పుడు అది మళ్లీ ఇంటికొస్తే ఆమె మళ్లీ పోతుంది.

“నా యేలు పట్టుకోని అద్దించుకున్యాడు సామీ, దేనికని చెప్పల్యా. మీరన్నా వచ్చి అడిగింటే చెప్పేదాన్ని కదా” అంది. కొంగుముడి విప్పి, కొడుక్కు స్టేషనువాళ్లిచ్చిన రసీదు తీసి నా చేతిలో పెట్టింది. రసీదు లేందే తుపాకి ఇవ్వరని ఎవరో ఆమెకు చెప్పారట. “ఇప్పిచ్చింది మీరే, మీ కాడే పెట్టుకోండి” అని బస్సుకు వేళవుతోందని వెళ్లిపోయింది.

ఆమె తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని తప్పించుకునేవాణ్ణేమో. ఆ రసీదు సొరుగులో పెట్టుకుని నెలరోజులు భయపడ్డాను, ఆమెకోసం కాదు, నా ఉద్యోగంకోసం. నిజం బయటపెడితే నేను ఊరికి పోలేదని ఒప్పుకోవాలి. ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

అంతలో రసీదు పోయిందని, తుపాకి ఇప్పించమని కొడుకు పెట్టుకున్న అర్జీ విచారణకు నా బల్లమీదికే వచ్చింది. ఈసారి స్కూటరేసుకుని ఊరికి పోయాను. అరుగుమీద చుట్టూ చేరిన పెద్దమనుషులను పక్కకు పొమ్మని, అత్తనూ కోడలినీ పిలిచి అడిగాను. కొడుకు ఎదుట అత్త నేల చూసింది. కోడలు మాత్రం మొగుడి ఎదుటే, బిడ్డను చంకలో సర్దుకుని, “అది ఈ గడప తొక్కితే నేనీడ ఉండను” అంది. నేను ఆమె మాటను ఉన్నదున్నట్టు రాసి అతనికిచ్చి చదువుకోమన్నాను. చాలాసేపు చదివాడు. పందులు పంటంతా తింటాయి సార్ అన్నాడు, నిజమే, ఆ ఏడాది సగం చేను తిన్నాయని తర్వాత విన్నాను. ఆఖరికి కాగితం నాకిచ్చేసి, అర్జీ వాపసు తీసుకుంటానన్నాడు. రసీదు నా దగ్గరే ఉందని నేను చెప్పలేదు.

కొన్నేళ్ల తర్వాత ధర్మవరం బస్టాండులో కనపడ్డాడు, పక్కన భార్య, బడికిపోయే వయసు పాప. వాళ్లమ్మ పోయిందని చెప్పాడు. బస్సెక్కబోతూ ఆగి, “రసీదు మీ కాడుండాదని నాకు తెలుసు సార్, అప్పుడే తెలుసు” అన్నాడు. దాన్ని అడగకుండానే బస్సెక్కాడు.

ఇప్పుడు ఆ ఊరిదాకా తారురోడ్డు పడింది, ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ లేచింది, అర్జీలన్నీ కంప్యూటర్లోనే పెడుతున్నారు, పేరు కొడితే పాత కేసులు బయటికొస్తాయంటున్నారు. మంచిదే. సంగటి దగ్గర జరిగినవి మాత్రం ఏ కేసులోనూ ఉండవు, ఇంటిలోపలికి పోయి అడిగితేనే తెలుస్తాయి. నేను అలా అడిగింది ఆ ఒక్క ఇంట్లోనే, అదీ ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది కాబట్టి. నా సర్వీసులో ‘స్వయముగా వెళ్లి విచారించగా’ అని మంచి దస్తూరీతో రాసిన రిపోర్టులు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఇళ్లనుంచి బస్సెక్కి నా దగ్గరికి ఎవరూ రాలేదు.